దుమ్ములో విత్తిన ఏడు

నీళ్లు తాగమని నాకు చెప్పని మనిషి ఆ ఎండాకాలం మా ఊళ్లో లేడు. ఆశా వర్కరు సువార్తక్క వచ్చినప్పుడల్లా చెప్పేది. అంగన్‌వాడీ గోడ మీద బొమ్మ వేసి మరీ రాసి ఉండేది. బెంగళూరులో బిల్డింగు పని చేసుకుంటున్న మా అమ్మ, వెనకాల సిమెంటు మిక్సరు గరగరలాడుతుంటే ఫోన్లో అరిచి చెప్పేది. తాగిన నీళ్లు మళ్లీ బయటికి పోవాలని, అందుకు ఒక చోటు కావాలని మాత్రం ఒక్కరూ అనలేదు. కడుపుతో ఉన్న మనిషికి నోరు ఒకటే ఉంటుందనుకున్నారేమో.

చోటు లేదని కాదు. ఇంటి వెనక నిక్షేపంలాంటి లెట్రీను గది ఉంది. గవర్నమెంటు డబ్బుతో కట్టింది. సిమెంటు గోడలు, పైన స్లాబు, ఇనుప తలుపు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజు మా అమ్మ పెళ్లికొడుకు కంటే ముందు ఆ గదినే చూసి, పిల్ల సుఖపడుతుందని తేల్చేసింది. పెళ్లి కార్తీకంలో అయింది కాబట్టి నాకూ అసలు సంగతి తెలియలేదు. ఉగాది దాటగానే మా మామ ఆదెన్న ఆ గదిలో బేసిను మీద చెక్కలు పరిచి, విత్తన శనక్కాయల మూటలు స్లాబు అంటేదాకా పేర్చి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

వజ్రకరూరు చుట్టుపక్కల నేలలో వజ్రాలున్నాయంటారు కానీ మా మామకు వజ్రాలంటే ఆ గింజలే. ఎలుక దూరని, పందికొక్కు తవ్వని, చెమ్మ రాని గది ఊళ్లో అదొక్కటే. అలాంటి గదిని ఒంటికి పోవడానికి వాడటమంటే ఆయన లెక్కలో వెండి గిన్నెలో కుడితి పోసినట్టు. విత్తనం చేలో పడ్డాక గది ఆడవాళ్లది. అంతవరకూ చేనే గతి. చీకటితో లేచి ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి. చేను ఉన్న ప్రతి ఇంట్లో ఇదే పద్ధతి. ఎదురింటి తిమ్మన్న చిన్నాయన వాళ్లయితే విత్తనం పడ్డాక కూడా తమ గదిలో పిడకలు నింపేవాళ్లు. అందరికీ ఉన్నది కాబట్టి ఇది కష్టమని ఎవరికీ అనిపించలేదు.

స్నానానికి వాకిట్లో చీర అడ్డం కట్టిన బండ ఉంది. ఆ బండ మీద పోసిన చెంబెడు నీళ్లు కూడా తిన్నగా వీధిలోకి పారి, తిమ్మన్న చిన్నాయన ఇంటి కట్ట ముందు నుంచి పోతాయి. ఆ కట్ట మీద పగలంతా మగవాళ్లు కూచుని పులిజూదం ఆడేవాళ్లు. వేళ కాని వేళ నీళ్లు పారితే తలలు తిప్పేవాళ్లు. ఇంటి వెనక, గది పోను మిగిలింది నలుగురూ నడిచే దారి.

నీళ్లు తాగకుండా ఎలా బతకాలో మా అత్త తిరుపాలమ్మ నాకు నేర్పింది. శిక్షగా నేర్పలేదు, పప్పు తిరగమోత నేర్పినట్టే నేర్పింది.

"పొద్దన్నే చేన్లోనుంచి వచ్చినంక ఒక చెంబు తాగు. ఇంగ మాపుసారి దాకా నోరు తడుపుకోవల్ల, అంతే. గొంతు మరీ ఎండితే నాలిక కింద చింతపండు రెబ్బ పెట్టుకో."

"కడుపులో బిడ్డకు సాలదంట గదత్తా."

"నాకూ ముగ్గురు పుట్న్యారు."

ముగ్గురిలో ఇద్దరు పురిట్లోనే పోయారు. మిగిలింది మా ఆయన కుళ్లాయప్ప.

మా ఆయన పొద్దున్నే ఆటో తీసుకుని గుంతకల్లు పోతే మళ్లీ పొద్దు గూకాకే రావడం. మా పుట్టిల్లు తనకల్లు దగ్గర. అక్కడికి పోదామంటే ఇంటికి తాళం. తాము పనిచేసే బిల్డింగుకు స్లాబు పడగానే వచ్చి తీసుకుపోతామని మా అమ్మ ప్రతి ఫోనులోనూ చెప్పేది. నాకు ఎవరి తాళాలు ఎప్పుడు తీస్తారా అని కాచుకుని కూచోవడమే పనైంది.

సువార్తక్క ఒక మధ్యాహ్నం వచ్చి నా కళ్ల కింద వేలితో లాగి చూసింది.

"నీళ్లు తాగుతాండావా మ్మే?"

"తాగుతాండానక్కా."

"పెదాలు చూస్తే అట్ల లేదే. ఒంటికి పోతే మంటగా ఉండాదా?"

వసారాలో మా మామ కూచుని తాడు పేనుతున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. నిజానికి మంట మొదలై చాలా రోజులైంది. మామ వింటుండగా ఆ మాటకు అవునని చెప్పే కోడలు మా వైపు ఇంకా పుట్టలేదు. మా ఇళ్లలో మామ కోడలితో నేరుగా మాట్లాడడు. అన్నం కావాలన్నా "ఆయమ్మికి చెప్పు" అని మా అత్తతో అనేవాడు. అత్త లేకపోతే వసారా స్తంభంతో అనేవాడు.

సువార్తక్క తాళం వేసిన గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"తిరుపాలమ్మా, పగులు ఆయమ్మిని మా ఇంటికన్నా పంపీ. మా లెట్రీను ఖాళీగానే ఉండాది."

వాళ్లకు చేను లేదు, దాచుకోవడానికి విత్తనమూ లేదు. అందుకే వాళ్ల కాలనీలో లెట్రీను లెట్రీనుగానే ఉంది. ఊరు తనకు దూరంగా పెట్టిన కాలనీకి తన కోడలు ఈ పనికి నడిచిపోవడం మా అత్త ఊహకు కూడా అందే విషయం కాదు. ఆమె విననట్టే చేట అందుకుని కొర్రలు చెరగడం మొదలుపెట్టింది. సువార్తక్కకు జవాబు తెలిసిపోయింది. "నీళ్లు బాగా తాగల్ల మ్మే" అని మళ్లీ అదే మాట చెప్పి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

రోహిణి కార్తె ఎండల్లో కూచుని విత్తన కాయలన్నీ ఒలిచాం. పొట్టు దుమ్ము గొంతులో ఇరుక్కునేది. బిందె నా చేతికందే దూరంలోనే ఉండేది. పుక్కిలించి ఉమ్మేసేదాన్ని. ఒలిచిన గింజలు మళ్లీ గదిలోకే పోయాయి. నేను వాన కోసం ఎదురు చూసినంతగా మా మామ కూడా చూసి ఉండడు. వాన పడితే విత్తనం, విత్తనం పడితే గది. నాకు తెలిసిన వ్యవసాయం అంతే.

మృగశిరలో వాన పడింది. సాయంత్రం పూట ఒక్క జల్లు. మట్టి వాసన రాగానే మామ దుక్కి దున్నించాడు. మర్నాడు గింజలన్నీ వాకిట్లో పట్ట మీద పోసి, పురుగూ చీమా ముట్టకుండా ఎర్రటి మందు పొడి పట్టించాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. రెండో వాన పడితే పదును సరిపోతుంది, మరుసటి పొద్దున విత్తడమే. ఆ రాత్రి గాలి లేచి మబ్బును బళ్లారి వైపు తోలుకుపోయింది. మందు పట్టించిన గింజలు మళ్లీ మూటల్లోకి, మూటలు మళ్లీ గదిలోకి, తాళంచెవి మళ్లీ మొలతాడుకి.

ఆ పిడికెడు వాన విత్తనానికి చాలలేదు కానీ వజ్రాలు ఏరేవాళ్లకు చాలింది. తొలకరి పడితే మట్టి కడుక్కుపోయి రాళ్లు పైకి తేలుతాయని ఎక్కడెక్కడి వాళ్లో దిగుతారు. చేలగట్ల మీద పట్టలు కట్టుకుని, అక్కడే వండుకుని, అక్కడే పడుకుంటారు. చీకటితో చెంబు పట్టుకుని పోతే ముందు ఒక టార్చిలైటు, వెనక ఒక టార్చిలైటు. ఇంత బతుకూ బతికి మా అత్త కూడా ఆ పొద్దున దారి మధ్యలో నిలబడి, ఎటు పోవాలో తెలియక నా మొహం చూసింది. ఆ రోజు నుంచి పొద్దుటి చెంబు కూడా మానేశాను.

గింజలు పోసిన పట్ట దులిపినప్పుడు అడుగున కొన్ని గింజలు మిగిలాయి. మందు గింజలే. ఏటా మిగిలేవే. మా అత్త వాటిని మళ్లీ మళ్లీ కడిగి, ఎండబెట్టి, వేయించి, ఎండుమిరపకాయలు వేసి ఊరిబిండి పచ్చడి నూరింది. పారేయడానికి ఆమెకు చేతులు రావు. శనగ్గింజను కాలితో తొక్కినా కళ్లకద్దుకునే మనిషి. రాగిసంగటిలో అందరం తిన్నాం. నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను, బాగుంది మరి.

మధ్యాహ్నానికి వాంతులు పట్టుకున్నాయి. పసరు పడింది, తర్వాత పసరు కూడా పడలేదు. ఒంట్లో నీళ్లుంటే కదా. కళ్లు తిరిగి స్తంభం పట్టుకుని జారిపోయాను. అత్త ఫోను చేస్తే మా ఆయన ఆటో మలుపుకుని వచ్చాడు. గుంతకల్లు దాకా ఆమె నా తల ఒళ్లో పెట్టుకుని, దారిలో కనపడిన ప్రతి దేవుడికీ మొక్కుకుంటూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నావని అడిగింది. అత్త చెప్పింది.

"మందు పట్టించిన విత్తనాలా? కడుపుతో ఉన్న పిల్లకా?"

"బాగా కడిగినా తల్లీ. యాడాదీ తినేదే."

"కడిగితే పోయే మందైతే వానకు పోదా? మీరెవరూ తినకూడదు, ఈ అమ్మాయి అసలు తినకూడదు. ఆ మూటల దగ్గరికి కూడా పోనియ్యద్దు."

మా అత్త తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత స్కానింగు తీశారు. డాక్టరమ్మ తెర దగ్గరికి జరిగి చూసింది. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందంది. ఒంటికి పోయేచోట జబ్బు కూడా పట్టిందని, దానికి మాత్రలు రాసింది.

"రోజంతా నీళ్లు తాగుతూనే ఉండాలి. మజ్జిగ, గంజి, ఏదైనా సరే. వారం తర్వాత మళ్లీ చూస్తాను. నీరు పెరగకపోతే బిడ్డను ముందే తీసేయాల్సి వస్తుంది. ఏడో నెల బిడ్డ, నిలుస్తుందని నేను మాట ఇవ్వలేను."

ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి సెలైను ఎక్కించారు. అక్కడి బాత్రూముకు గొళ్లెం లేదు, కంపు చెప్పనలవి కాదు. అయినా నేను మాటిమాటికీ పోయాను, అడిగి అడిగి నీళ్లు తాగాను. ఆ వార్డులో ఇంటికి పోవాలని లేని మనిషిని నేనొక్కదాన్నే.

ఇంటికి రాగానే నీళ్లు వచ్చాయి. మా ఆయన ప్లాంటు నీళ్ల క్యాను తెచ్చి నా తలాపున పెట్టాడు. అత్త బార్లీ కాచింది, మజ్జిగ చిలికింది. మామ ఎక్కడినుంచో లేత టెంకాయలు తెచ్చి గడపలో పెట్టి, "ఆయమ్మికి చెప్పు, తాగమని" అని స్తంభానికి చెప్పి పోయాడు. నా చుట్టూ చెంబులు, గ్లాసులు. అంతమంది ప్రేమగా చూస్తుంటే గుటక వేయలేక నేను వాటినే చూస్తూ కూచునేదాన్ని. గదికి తాళం అలాగే ఉంది. చేలో పట్టలు అలాగే ఉన్నాయి.

"పొద్దు గూకినంక ఆటోలో పిల్చకపోతాలే, దూరంగా గుట్ట కాడికి" అన్నాడు మా ఆయన.

"పొద్దు గూకేదాక?"

"అంతవరకు ఓర్చుకో."

మంచివాడే. ఓర్చుకోవడం ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందని నమ్మిన మంచివాడు. బిడ్డ కోసం ఒకరోజు గట్టిగా రెండు చెంబులు తాగాను. ఆ మధ్యాహ్నమంతా కాళ్లు మెలివేసుకుని, చెమటలు కక్కుతూ, గోడకేసి తల కొట్టుకున్నాను. ఆ తర్వాత అందరూ ఇచ్చినవి ఇచ్చినట్టే తీసుకుని, ఎవరూ చూడనప్పుడు కుడితి తొట్టిలో పోయడం మొదలుపెట్టాను. మా ఎనుము బార్లీ నీళ్లు తాగింది, టెంకాయ నీళ్లు తాగింది. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా నాకు భయం, కదలకపోతే ఇంకా భయం. ఇంకా అమ్మను కాకముందే బిడ్డ నోటి దగ్గరిది గొడ్డుకు పోస్తున్నానని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

చూసింది మా మామ. గడ్డి వేయడానికి వచ్చి, తొట్టి పక్కన నన్ను, నా చేతిలో వంచిన చెంబును చూశాడు. గడ్డిమోపు అక్కడే దించి వెనక్కి పోయాడు. కాసేపటికి అత్త వచ్చి నా ఎదురుగా చతికిలబడింది.

"నీళ్లు ఎనుముకు పోస్తాండావంట. ఏంటికి మ్మే? బిడ్డ వద్దా నీకు?"

నాకు అరవాలనిపించింది.

"తాగితే యాడికి పోవల్లత్తా?"

ఆమె నా మొహం చూసింది. గది తలుపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, లేచి వసారాలోకి పోయింది. గోడ అవతల వాళ్ల మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"తాగితే పోనీకి యాడుండాది అంటాంది."

మామ అన్నాడు. "ఇత్తనం యాడ పెట్టేది?"

"నాకేం తెల్సు."

"ఇంట్లో పెడితే?"

"ఆ మందును ఇంట్లోకి తేను. ఒగసారి చేసింది సాలదా. ఉండేది ఒగటే రూము, ఆడనే వండల్ల, ఆడనే ఆయమ్మి పండుకోవల్ల."

"ఈడ వసారాలో?"

"ఎలకలు మూటలు కొరికి గింజలు ఇల్లంతా ఈడుస్తాయి. తొట్లో పడతాయి, వంట బోకుల్లో పడతాయి."

"తిమ్మన్న వాళ్లింట్లో పెడదామా?"

"ఏయకముందే ఇత్తనం ఇంగొగరి గడప తొక్కితే పంట వాళ్లింటికే పోతాదని చెప్పేది నువ్వే గదా."

బీడీ వాసన వచ్చింది. చివరికి, "రెండు దినాలు చూస్తాం. వానొస్తాది" అన్నాడు.

ఆ మాట విని నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ ఇంట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉంటే బాగుండేది, కనీసం తిట్టుకునేదాన్ని. నా బిడ్డ ప్రాణం ఒక మబ్బు చేతిలో ఉంది, ఆ మబ్బు బళ్లారి పోయింది.

మర్నాడు పొద్దున లేచేసరికి ఎద్దుల గంటలు వినపడ్డాయి. గది తలుపు బార్లా తెరిచి ఉంది. మామ మూటలు బండికెత్తుతున్నాడు. ఆకాశం కడిగిన సత్తుపళ్లెంలా ఉంది, ఎక్కడా మబ్బు తునక లేదు. మా ఆయన ఆటో స్టార్టు చేసినవాడు ఆపేసి, పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నాయనా, ఏం చేస్తాండావు?"

"ఇత్తనం ఏస్తా."

"పొడి దుక్కిలోనా? చీమలు తినిపోతాయి. ఇంగ ఇత్తనం యాడిది మనకు?"

"వానొస్తాది."

"ఎవురు చెప్పినారు?"

"దావ ఇడువు."

మా అత్త కొంగు నడుముకు దోపుకుని, గొర్రు వెనక విత్తనం వదలడానికి బండి ఎక్కింది. చేను మా గడపలోంచి కనపడుతుంది. వజ్రాలు ఏరేవాళ్లు పట్టలు జరుపుకుని, జల్లెడలు చేత పట్టుకుని, వింతగా చూస్తూ నిలబడ్డారు. గొర్రు కదిలితే మట్టి తడిగా విడిపోవాలి. అక్కడ దుమ్ము లేస్తోంది. ఎద్దులు కనపడవు, మామ కనపడడు, దుమ్ము ఒకటే ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తోంది. అందులో ఆయన గింజలు వేస్తున్నాడు.

తిమ్మన్న చిన్నాయన గట్టు మీదకు పోయి కేకేశాడు. "ఏమన్నా ఆదెన్నా, ఎండ నెత్తికెక్కినాదా?"

"వానొస్తాదప్పా. నాకు తెల్సు."

మా మామ అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు.

మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, గోడ గూట్లో నా నీళ్ల చెంబు పక్కన పెట్టాడు. "రూము ఖాళీ అయ్యింది. కడగల్ల" అని స్తంభంతో అన్నాడు. దుమ్ము పట్టి కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. మా అత్త ఆ సాయంత్రమంతా బిందెల మీద బిందెలు పోసి, సున్నం చల్లి, బూడిద వేసి రుద్దింది. మందు వాసన పూర్తిగా పోయేదాకా నన్ను ఆ వైపు రానివ్వలేదు.

తలుపు వేసుకుని గొళ్లెం పెట్టుకున్న తొలిసారి నేను చాలాసేపు ఊరికే నిలబడిపోయాను. ఒక మూల పలక కింద నాలుగు గింజలు, ఎర్రగా, ఇరుక్కుని మిగిలాయి. ఏడుపు ఆగలేదు. ఆ గది నాకు ఎంతకు వచ్చిందో నాకు తెలుసు. బయటికి వచ్చి క్యానులో నీళ్లు వంపుకుని తాగాను. మళ్లీ తాగాను. తాగి పోయాను, వచ్చి తాగాను.

వారం తర్వాత డాక్టరమ్మ తెర చూసి తల ఊపింది. నీరు పెరిగింది, బిడ్డ బాగుంది.

"చూశావా, నీళ్లు తాగితే అయిపోయింది. ఇంత చిన్న పనికి ఇంత కష్టం తెచ్చుకున్నావు."

మా అత్త నా వైపు చూసింది. "అవును మేడం" అన్నాను నేను.

వాన రాలేదు. చీమలు ముందు పసిగట్టాయి. మందు ఉన్నా లెక్కచేయలేదు, సాలు పొడుగునా బారులు తీరాయి. తర్వాత అడవిపందులు వచ్చి సాళ్లు తవ్విపోశాయి. మిగిలినవి వేడి మట్టిలో మాడిపోయాయి. ఆషాఢం చివర మంచి వాన పడింది. ఊరంతా ఒకే రోజు గొర్లు కట్టింది. మా మామ దగ్గర విత్తనం లేదు. ఎప్పుడో దాచిన ఉలవలు తెచ్చి చేలో చల్లి, ఆయనా అత్తా తిమ్మన్న చిన్నాయన గొర్రు వెనక కూలికి పోయారు. తన చేను పక్క చేలోనే, ఇంకొకరి విత్తనం వదులుతూ, తల ఎత్తకుండా నడిచాడు.

ఊరు ఊరుకుంటుందా. మామ కనపడితే చాలు, ఏమన్నా, మేఘం నీతో ఫోన్లో మాట్లాడిందా అనేవాళ్లు. పొడి ఆదెన్న అని పేరే పెట్టారు. ఆయన నవ్వేసి, "వానొస్తాదనుకున్న్యాలేప్పా" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట కాదు. అసలు కారణం చెబితే కోడలి ఒంటికి పోయే సంగతి కట్ట మీద మాట అవుతుంది. దానికంటే తనకు పిచ్చోడనే పేరే మేలనుకున్నాడు. అది తెలిసి నేను గడప లోపల కూచుని ఉడికిపోయేదాన్ని. ఆయన మౌనం నాకు ఇంకో తాళంగది అయింది.

శ్రావణంలో పాప పుట్టింది. బరువు బాగుందన్నారు. మా అమ్మ వచ్చి, స్లాబు పడలేదని ఇంకా సణుగుతూనే, ఇక్కడే ఉండి పురుడు చూసి పోయింది.

భాద్రపదంలో ఒక మిట్టమధ్యాహ్నం. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. మామ కూలి నుంచి వచ్చి, తిమ్మన్న చిన్నాయన కట్ట మీద కాసేపు కూలబడ్డాడు. నలుగురైదుగురు పులిజూదం ఆడుతున్నారు. నేను గదికి పోయి, ఖాళీ చెంబుతో వాకిట్లోకి వస్తున్నాను. తిమ్మన్న చిన్నాయన ఒక గింజ జరుపుతూ అన్నాడు.

"ఆదెన్నా, వచ్చే ఏడు దుమ్ములో ఏస్తావా, గాల్లో ఏస్తావా?"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వి, నేల చూపులు చూశాడు. వాళ్ల వెనక గడపలో తిమ్మన్న చిన్నాయన కోడలు పుష్పావతి నిలబడి ఉంది. అప్పుడే నెల తప్పిన పిల్ల. చేతిలో చెంబు ఉంది, అందులో నీళ్లున్నాయి, వాటితో పెదాలు తడుపుకుని మళ్లీ చెంబు దించేసింది. ఆ తడుపుకోవడం నాకు తెలుసు.

నేను చీర సర్దుకుని వీధి అంచు దాకా నడిచాను.

"చిన్నాయనా, మా మామ వాన కోసరం ఏయల్యా."

గింజలు జరపడం ఆగింది.

"పగులు నాకు ఒంటికి పోనీకి చోటు ల్యాకుండ్య. రూములో ఇత్తనం ఉండ్య. నీళ్లు తాగక బిడ్డ సస్తాదని డాక్టరమ్మ చెప్పింది. రూము ఖాళీ చేయనీకి ఏసినాడు. ఏస్తే పోతాదని తెల్సి ఏసినాడు."

కట్ట మీద ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఎవరో దగ్గారు. తిమ్మన్న చిన్నాయన చేతిలో గింజ అలాగే పట్టుకుని, తల తిప్పి తన గడప వైపు చూశాడు. పుష్పావతి అప్పటికే లోపలికి పోయింది. చెంబు గడప మీదే ఉంది.

మా మామ లేచి, తువ్వాలు దులుపుకుని, వీధి దాటి వచ్చాడు. వచ్చి నా ముందర నిలబడ్డాడు. స్తంభం వైపు చూడలేదు.

"ఆ మాట నలుగురిలో చెప్పేది గాదమ్మా."

ఆయన నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. అదీ తిట్టే.

"చెప్పల్లనిపించింది మామా."

ఆయన వసారాలో కూచున్నాడు. కాసేపు పాప ఉయ్యాల వైపు చూశాడు.

"ఒగ చెంబు నీళ్లియ్యి."

నిండా ముంచి ఇచ్చాను. సగం తాగి, మూతి తుడుచుకుని, చెంబు నాకే చాపాడు.

"నువ్వూ తాగు. పాలిచ్చే మనిషివి."

ఎదురుగా కట్ట మీద వాళ్లింకా కూచునే ఉన్నారు. వాకిట్లో, ఎండలో, అందరూ చూస్తుండగా నిలబడి, నేను అడుగుదాకా తాగాను.